దృశ్యకాంతికి గట్టు వేసిందెవరు?

విజ్ఞాన రచయితలూ అధ్యాపకులూ కూడిన ఈ సభలో నేను ఎంచుకున్న విషయం పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. దృశ్యకాంతి తరంగదైర్ఘ్యం సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల దాకా ఉంటుందని పిల్లలు కంఠస్థం చేస్తారు. గామా కిరణాల నుంచి రేడియో తరంగాల వరకు పరుచుకున్న విద్యుదయస్కాంత వర్ణపటంలో ఇది సన్నని పట్టీ. ఈ కొసన ఉన్న ఎరుపు తరంగం ఆ కొసన ఉన్న ఊదా తరంగానికి రెండింతలైనా ఉండదు. ఆ రెండు అంకెల దగ్గర వర్ణపటంలో గట్టేమీ లేదనీ, దాన్ని వేసింది మన కంటి నిర్మాణమేననీ నా వాదన.

1800లో విలియం హెర్షెల్ పట్టకం విడదీసిన రంగుల్లో ఉష్ణమాపకాలు ఉంచి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనబడని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. మరుసటి ఏడాది యోహాన్ రిట్టర్ ఊదాకు అవతల సిల్వర్ క్లోరైడ్ మరింత త్వరగా నల్లబడడం గమనించాడు. చూపు ఆగిన చోట కిరణం ఆగలేదు. 1890లలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల తరంగాలతో పరావర్తనం, వక్రీభవనం, ధ్రువణం అన్నీ చేసి చూపించాడు. కాంతికి ఉన్న గుణాలే కంటికందని తరంగానికీ ఉన్నాయని అంతకన్నా స్పష్టంగా ఎలా చెప్పాలి?

సూర్యుడు ఎక్కువగా వెలిగేది ఈ పట్టీలోనే కనుక కన్ను దానికి అమరిందని చాలామంది అంటారు. ఇందులో నిజం కొంతే. 5,800 కెల్విన్ల సూర్యుని వెలుగును తరంగదైర్ఘ్యం వారీగా గ్రాఫు గీస్తే శిఖరం 500 నానోమీటర్ల దగ్గర వస్తుంది. అదే వెలుగును పౌనఃపున్యం వారీగా గీస్తే శిఖరం 880 నానోమీటర్ల దగ్గరికి, అంటే పరారుణంలోకి జరిగిపోతుంది. గీసే తీరును బట్టి చోటు మార్చే శిఖరం మీద ఇంత బరువు మోపలేం. నీటి సాక్ష్యం నాకు ఎక్కువ బలంగా తోస్తుంది. తొలి కళ్లు నీటి జీవుల్లో ఏర్పడ్డాయి. స్వచ్ఛమైన నీటిలో నీలికాంతి పదుల మీటర్ల లోతుకు దిగుతుంది. 3 మైక్రోమీటర్ల పరారుణం వెంట్రుక మందం నీటిని కూడా దాటలేదు. అయినా ఊదా వైపు హద్దును నీరు వివరించలేదు, ఎందుకంటే 350 నానోమీటర్ల కిరణం కూడా నీటిలో బాగానే సాగుతుంది. అక్కడ అడ్డుపడేది మన కంటి కటకం. కటకం తీసేసిన కంటికి సమీప అతినీలలోహితం కొంత కనిపిస్తుంది. తేనెటీగ దాన్ని చక్కగా చూస్తుంది, మన ఎరుపు మాత్రం దానికి దాదాపు అందదు.

అయితే ఈ హద్దు వట్టి కల్పనేనా అని అడగవచ్చు. కానే కాదు. రెటీనాలోని రెటినాల్ అణువు ఒక ఫోటాన్ తాకిడికి వంపు విప్పుకుని నిటారవుతుంది. చూపు అక్కడ మొదలవుతుంది. 700 నానోమీటర్ల ఫోటాన్‌లో ఉండేది దాదాపు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకు బాగా తగ్గితే ఆ మార్పుకు శక్తి చాలదు. అంత తక్కువ శక్తికే కదిలే అణువు ఉంటే శరీరపు వేడికే ఉత్తినే కదిలి, లేని వెలుగును చూపిస్తుంది. కాబట్టి హద్దు వాస్తవమే, కానీ అది కాంతిది కాదు, మన అణువుది. పైగా అది తెగిపోయే గీత కూడా కాదు. తీవ్రమైన పల్స్ లేజర్‌తో 1,000 నానోమీటర్ల పరారుణం కూడా మనిషికి కనిపించగలదని 2014లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. రెండు ఫోటాన్లు ఒకేసారి తాకి, ఒక్కటి చేయలేని పనిని కలిసి చేస్తాయి.

అందువల్ల ఇక్కడున్న రచయితలకూ పాఠ్యపుస్తకాలు రాసే మిత్రులకూ నా విన్నపం ఇది: ఆ రెండు అంకెలు రాసినప్పుడు వాటి ముందు ‘మనిషి కంటికి, సుమారుగా’ అని చేర్చండి, వర్ణపటం బొమ్మ వేసేటప్పుడు రంగుల అంచులను కత్తిరించకుండా క్రమంగా మసకబారనివ్వండి.