పేరు మనది, రాసింది ఎవరు?

(బత్తలపల్లెలో జరిగిన వాడల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట మేము పేరు గురించి మాట్లాడదామని వచ్చినాము. ఒకపక్క వానల్లేక శెనిక్కాయ ఎండిపోతా ఉంటే, వాడ సగం బెంగుళూరు పోయి ఇటుకలు మోస్తా ఉంటే, పేరుతో ఏం పని అని కొందరు అడుగుతారు. పేరుతో కడుపు నిండదు. నిజమే. కానీ రేషన్ కార్డు మీద, ఓటరు లిస్టులో, పాసుపుస్తకంలో, పిల్లోని పదో తరగతి సర్టిఫికెట్టులో మనకంటే ముందు పోయి నిలబడేది మన పేరే. మనం ఆఫీసు వాకిలి దాటక ముందే పేరు లోపలికి పోతాది. ఈ మనిషిని కూర్చోబెట్టాల్నా, నిలబెట్టే పంపించాల్నా అని చెప్పేసి వస్తాది.

మీ ఊరి ఓటర్ల జాబితా ఒకసారి తీసి చూడండి. రెడ్డి పేరు ఎట్లుంటాది? ముందు ఇంటిపేరు, నడుమ సొంత పేరు, చివర రెడ్డి. కులం ఆయనకు వెనకాల నిలబడి గొడుగు పడతాది. మనోళ్ళ పేరు ఎట్లుంటాది? మాదిగ ఓబులేసు. మాల నారాయణప్ప. హరిజన పెద్దన్న. ఇంటిపేరు ఉండాల్సిన చోట కులాన్ని కూర్చోబెట్టినారు. మన ఒక్కరికే కాదు, చాకలి, మంగలి, బోయ, కురుబ, వడ్డె, ఈడిగ సోదరులకూ ఇదే గతి. రెడ్డికి కులం వెనక వస్తే బిరుదు. మనకు కులం ముందొస్తే ముద్ర. అదే కులం, అదే కాగితం. తేడా ఎక్కడుందో మీరే చూడండి.

మరి మనకు ఇంటిపేర్లు లేవా? ఎందుకు లేవు! పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మన పెద్దలు మొదట అడిగేది ఇంటిపేరే. ఒకే ఇంటిపేరోళ్ళు అన్నదమ్ములు, పిల్లనిచ్చుకోరు. కోస్తాలో దళితుల పేర్లు చూడండి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం. ఇంటిపేరు కాగితం మీదికెక్కింది. మాదిగల వంశాల పేర్లు డక్కలోళ్ళు తరతరాలుగా నోటికి చెప్తా వచ్చినారు. జాంబ పురాణం చెప్పి, ఇంటింటి పుట్టుక చెప్పి, బువ్వ అడిగినారు. మన చరిత్ర వాళ్ళ నోట్లో ఉండె. కరణం పుస్తకంలోకి రాలేదు. అంతే తేడా.

కరణం పుస్తకం అంటే ఏందో పిల్లలకు చెప్పాల. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినాడు. 1807 దాకా మన్రో దొర ఇక్కడ కలెక్టరు. ఊరూరా చేన్లు కొలిపించి, చేనుకు నంబరేసి, రైతు పేరు రాయించినాడు. రాసింది దొర కాదు, ఊరి కరణం. పట్టా ఉన్నోడికి పూర్తి పేరు రాసినారు, ఎందుకంటే వానితో శిస్తు వసూలు చేయాల. మనోడు ఆ పుస్తకంలోకి వస్తే గిస్తే, వెట్టి మాన్యం కిందనో, తలారి మాన్యం కిందనో వచ్చినాడు. వానికి ఇంటిపేరెందుకు? ఏ కులపోడో, ఏ చాకిరీ చేస్తాడో తెలిస్తే చాలు. ఓబులేసును ఓబిగాడన్నారు, గంగమ్మను గంగి అన్నారు. 1871 నుంచి జనాభా లెక్కల్లో కులం గూడా రాసుకుంటా పోయినారు. దొర ఇచ్చింది పుస్తకం, కరణం పట్టింది కలం, పడింది మన ముద్ర. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థను రద్దు చేసినారు. కలం పోయింది గానీ రాత పోలేదు. పాత జాబితా చూసి కొత్త జాబితా, దాన్ని చూసి కంప్యూటరు, దాన్ని చూసి ఆధార్! కరణం రాసిందే ఈ పొద్దు మిషన్లో తిరుగుతా ఉంది.

ఇది మన ఒక్కరి కథే అనుకోవద్దండి. సముద్రం అవతల ఆఫ్రికా జనానికి జరిగింది గూడా ఇదే. 1976లో అలెక్స్ హేలీ రాసిన పుస్తకాన్ని సహవాసి 'ఏడు తరాలు' అని తెలుగు చేసినారు, మన కార్యకర్తలు చానామంది చదివినారు. అందులో ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన కుంటా కింటేకు యజమాని టోబీ అని పేరు పెడతాడు. మనిషిని కొన్నోడు మొదట చేసే పని పేరు మార్చడం. పేరు పోతే తండ్రి పోతాడు, తాత పోతాడు, ఊరు పోతాది. మిగిలేది యజమాని ఒక్కడే. అమెరికాలో నల్లవాళ్ళకు చానామందికి తెల్ల యజమానుల ఇంటిపేర్లే ఈనాటికీ ఉన్నాయి. 1925లో పుట్టిన మాల్కం లిటిల్ ఆ లిటిల్‌ను కొట్టేసి మాల్కం ఎక్స్ అయినాడు. ఎక్స్ అంటే తెలియనిది. మా అసలు ఇంటిపేరు మీరు దొంగిలించినారు, ఆ ఖాళీ అందరికీ కనపడాలని ఎక్స్ పెట్టుకున్నాడు.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌ను డచ్చి కంపెనీ 1652లో కట్టింది. అక్కడికి ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి, ఇండోనేషియా నుంచి, మన దేశం నుంచి గూడా బానిసలను తోలినారు. ఏ నెల పేరు తోస్తే ఆ నెల పేరు పెట్టినారు. జనవరి, ఏప్రిల్, సెప్టెంబర్. ఈనాటికీ అక్కడ సెప్టెంబర్ అనే ఇంటిపేరు ఉంది. మన తూర్పు తీరం నుంచి పోయినోళ్ళకు తీరంవాడు అని రాసినారు. ఊరు లేదు, అమ్మానాయనలు లేరు. ఓడ ఎక్కిన ఒడ్డే ఇంటిపేరు!

నెల్సన్ మండేలా పేరు గూడా వినండి. నాయన పెట్టిన పేరు రోలిహ్లాహ్లా. బడికి పోయిన మొదటి రోజే పంతులమ్మ నెల్సన్ అని ఇంగ్లీషు పేరు పెట్టింది. బడి రిజిస్టరు దగ్గర మన పిల్లోళ్ళ పేర్లు ఎట్లా మారినాయో తలుచుకోండి.

ఆ దేశానికే మన తెలుగోళ్ళు కూలికి పోయినారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ నేటాల్‌లో దిగింది. 1911 దాకా సుమారు ఒకటిన్నర లక్షల మంది పోయినారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. పక్కన కులం, తండ్రి పేరు, ఊరు. మాలోళ్ళు, మాదిగోళ్ళు గూడా ఆ ఓడలు ఎక్కినారు. అక్కడ పోయినాక తెలుగోళ్ళు చానామంది నాయుడు అని రాయించుకున్నారు. సముద్రం దాటితే కరణం లేడు కదా! తెలిసినోడు లేని చోట మనిషి తన పేరు తనే రాసుకున్నాడు. కొందరు దీన్ని దొంగతనం అంటారు. మేమట్ల అనము. కులం ముద్ర నుంచి తప్పించుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ తప్పించుకోవడానికి గూడా పై కులం బిరుదే కావాల్సి వచ్చింది చూడండి, అది ఆలోచించాల్సిన సంగతి.

మన నేల మీదికి వద్దాం. మనకు పేర్లు పెట్టడానికి ముగ్గురు వచ్చినారు. మొదట కరణం, ఆయన సంగతి చెప్పినాము. రెండోది మిషను. గుత్తి, కడప, జమ్మలమడుగుల్లో లండన్ మిషను పనిచేసింది. బడి పెట్టింది, ఆసుపత్రి పెట్టింది, అది మరవలేము. పౌలు, దేవదాసు, యేసురత్నం అనే పేర్లు వచ్చినాయి. ఓబిగా అనిపించుకున్నోడు దేవదాసు అయినాడంటే అది గౌరవమే. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఏం చెప్పింది? హిందువైతేనే షెడ్యూల్డు కులం అనింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు. క్రైస్తవ దళితులను చేర్చలేదు, బి.సి.-సి అని ఒక్క శాతంలో పెట్టినారు. దాంతో మనోళ్ళకు రెండు పేర్లు వచ్చినాయి. గుళ్ళో ఒకటి, బళ్ళో ఒకటి. దేవుని ముందర ఒక పేరు, తాసిల్దారు ముందర ఒక పేరు పెట్టుకునే గతి ఏ రెడ్డికన్నా, ఏ శాస్త్రికన్నా పట్టిందా?

మూడోది కాంగ్రెసు. గాంధీ గారు 1933లో 'హరిజన్' పత్రిక పెట్టి, ఆ మాటను ఊరూరా తిప్పినారు. మమ్మల్నడిగి పెట్టినారా? 1938లో బొంబాయి శాసనసభలో ఆ పేరును చట్టంలో పెడుతుంటే బాబాసాహెబ్ తన పార్టీ వాళ్ళతో బయటికి నడిచినాడు. 1982లో కేంద్ర ప్రభుత్వమే కులం సర్టిఫికెట్లలో హరిజన అని రాయొద్దని చెప్పింది. మన జిల్లాలో మాత్రం అది ఇంటిపేరైపోయి కూర్చుంది!

అయితే మనమెప్పుడూ మనకు పేరు పెట్టుకోలేదా? పెట్టుకున్నాము! 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములం కాదు, మేము ఆది ఆంధ్రులం, ఈ నేలకు మొదటి వాళ్ళం అని అక్కడ చాటినారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. ఆ భాగ్యరెడ్డి వర్మ పుట్టుపేరు మాదరి భాగయ్య. అంబేడ్కర్ నాయన ఇంటిపేరు సక్పాల్. ఊరిపేరు మీద బడిలో అంబవడేకర్ అని రాయించినారు, అదే అంబేడ్కర్ అయింది. ఈ పొద్దు ఆ పేరు ఒక ఇంటిది కాదు, కోట్ల మందిది.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. మంద కృష్ణ తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నాడు. ఊరూరా యువకులు అదే చేసినారు. శర్మ వెనక శర్మ ఉండొచ్చు, రెడ్డి వెనక రెడ్డి ఉండొచ్చు, మాదిగ వెనక మాదిగ ఎందుకుండకూడదు అన్నారు. వర్గీకరణ మీద మన వాడల్లో రెండు మాటలున్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చినాక గూడా ఉన్నాయి. ఆ చర్చ వేరే రోజు చేద్దాం. పేరు సంగతి వరకు చూస్తే ఆ పని గొప్పది. అక్షరాలు అవే, మూడంటే మూడు. ముందర కరణం రాస్తే అది ముద్ర. వెనకాల మనం రాస్తే అది జెండా.

తమిళనాట పెరియార్ మనుషులు ఇంకో దారి పట్టినారు. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహాసభలో కులం తోకలు కోసేయాలని తీర్మానించినారు. మన పుచ్చలపల్లి సుందరయ్య గూడా రెడ్డిని వదులుకున్నాడు. బిరుదు ఉన్నోడు దాన్ని వదిలేయాల. ముద్ర పడినోడు దాన్ని చెరిపేసుకోనన్నా చెరిపేసుకోవాల, జెండాగానన్నా ఎత్తుకోవాల. ఏది చేయాలో చెప్పాల్సింది వాడే, ఇంకొకరు కాదు. మా మాట అంతే.

ఇప్పుడు చేయాల్సిన పని చెప్తాము, తల్లులు బాగా వినండి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికి, ఆధార్‌కు, ఓటుకు, ఉద్యోగానికి అన్నిటికీ పుట్టుక సర్టిఫికెట్టే ఆధారమని చట్టం మార్చినారు. బత్తలపల్లె ఆసుపత్రిలో కాన్పయినా, అనంతపురంలో అయినా, అక్కడ రాసే పేరే జీవితాంతం వస్తాది. కాబట్టి నోటితో చెప్పి రావద్దు. ఇంటిపేరు, పిల్ల పేరు కాగితం మీద రాసుకుని పోయి, రాసినాక చదివించుకోండి. పుట్టుక నమోదు చేసేటప్పుడు పేరు పెట్టకపోతే సంవత్సరం లోపల ఉచితంగా చేర్చొచ్చు. ఆ తర్వాత పదహైదేండ్ల దాకా ఫీజు కట్టి చేర్చొచ్చు. బడిలో తప్పుంటే పదో తరగతికి ముందే సరిచేయించండి. ఆ సర్టిఫికెట్టులో పడినాక మార్చడం చానా కష్టం.

కులం మాట పేరులో లేకపోతే రిజర్వేషన్ పోతాదేమోనని భయపడొద్దు. కులం సర్టిఫికెట్టుకు 1993లో చేసిన చట్టం వేరే ఉంది. అది పుట్టుకను విచారించి ఇచ్చేది, పేరు చూసి ఇచ్చేది కాదు.

బసివి తల్లుల బిడ్డల సంగతి మరవొద్దు. 1988లో చట్టం చేసి ఆ దురాచారాన్ని నిషేధించినారు. కానీ తండ్రి పేరు అనే గడి ముందర ఆ బిడ్డలు ఇంకా తల వంచుతానే ఉన్నారు. పెండ్లి కాని తల్లి అడిగితే తండ్రి పేరు లేకుండానే పుట్టుక సర్టిఫికెట్టు ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి చచ్చిపోయిన బిడ్డకు ఏ ఇంటిపేరు పెట్టాలో తల్లి నిర్ణయించొచ్చని 2022లో ఒక తెలుగు కుటుంబం కేసులోనే చెప్పింది. తల్లి ఇంటిపేరు గూడా ఇంటిపేరే! ఆ తల్లుల వెంట మనం ఆఫీసుకు పోవాల.

2024 అక్టోబరులో జైలు రిజిస్టర్లలో కులం గడిని కొట్టేయమని సుప్రీంకోర్టు చెప్పింది. 2027 జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. రెండూ మంచివే. మనల్ని తక్కువ చేయడానికి రాసే కులం పోవాల, మన వాటా తేల్చడానికి రాసే కులం ఉండాల. లెక్కలోళ్ళు వాడకు వచ్చినప్పుడు కులం గడిలో కులాన్ని గట్టిగా చెప్పి రాయించండి. హరిజన అని రాయనీయొద్దు. పేరు గడిలో మీ ఇంటిపేరు చెప్పండి.

ఒక పని అందరూ చేయండి. ఈ రాత్రి ఇంటికి పోయి, జేజిని కూర్చోబెట్టుకుని మన ఇంటిపేరేంది, ఏ ఊరి నుంచి వచ్చినాము, ఎవరికి పుట్టినాము అని అడిగి రాసుకోండి. చదువొచ్చిన పిల్లోళ్ళు వాడలో ప్రతి ఇంటిదీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించండి. ముసలోళ్ళు పోతే ఆ పేర్లు గూడా పోతాయి. కరణం పుస్తకం రెండువందల ఏండ్లు మనల్ని రాసింది. ఇంక మన పుస్తకం మనం రాసుకుందాం.

జై భీమ్!