కంప్యూటరులోని సభ్యత్వ రిజిస్టరు: వ్రాసే అనుమతి ఎవరికి?

(ఫీనిక్స్ బేలో శాఖా కార్యదర్శులకు, కోశాధికారులకు ఏర్పాటైన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘాలలో సభ్యత్వ రిజిస్టరు అన్నది ఒకనాడు అట్ట వేసిన లావుపాటి పుస్తకం. అది కోశాధికారి బీరువాలో ఉండేది. తాళంచెవి ఆయన జేబులో ఉండేది. చందా ఎవరు చెల్లించారో, ఎవరు బాకీ ఉన్నారో, సహాయనిధికి ఎవరెవరు నామినీ పేరు వ్రాసి ఇచ్చారో అందులోనే చూచుకొనేవారము. దిద్దితే దిద్దిన గుర్తు మిగిలేది. దస్తూరీ చూచి వ్రాసినవారెవరో చెప్పగలిగేవారము. నేడు అనేక శాఖలలో ఆ పుస్తకం ఒక డేటాబేసు ఫైలుగా మారినది. కొందరు మైక్రోసాఫ్ట్ ఆక్సెస్‌లోను, కొందరు లిబ్రాఫీస్ బేస్‌లోను నడుపుతున్నారు. ఏనాటిదో ఫాక్స్‌ప్రో ప్రోగ్రాముతో నెట్టుకొని వస్తున్నవారూ లేకపోలేదు. దానితోపాటు కొత్త ఫిర్యాదులు బయలుదేరినవి. ఫైలు తెరుచుకొంటున్నది గాని వ్రాయనివ్వడం లేదు. ఒకరు తెరిస్తే రెండవవారికి తెరుచుకోవడం లేదు. ఒకరు వ్రాసిన చందా మరొకరికి కనపడడం లేదు. నేటి మన విషయం ఈ మూడు ఫిర్యాదులే.

ఈ సంగతి ఇక్కడ, ఫీనిక్స్ బేలో మాట్లాడుకొనడంలో ఒక ఔచిత్యమున్నది. దీవుల మధ్య తిరిగే ఓడలు బయలుదేరే రేవు ఇది. ప్రధాన భూభాగం వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. చెన్నై నుండి ఈ దీవులకు సముద్రగర్భంలో వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేవరకు ఇక్కడి కార్యాలయాలకు ఉపగ్రహమే ఆధారం. ఎక్కడో ఉన్న సర్వరును నమ్ముకొని లెక్క వ్రాయడం అంత సులభం కాని చోట, ఎవరి పుస్తకం వారి యంత్రంలోనే ఉండడం సహజమైన పద్ధతి. కేబులు వచ్చిన తరువాత కూడా సంఘ కార్యాలయంలో మూలనున్న కంప్యూటరు మూలనే ఉన్నది. అందులోని ఫైలు అందులోనే ఉన్నది. ఈ దీవులలో రైలు బండి లేదు గాని, ఈ ప్రసంగాన్ని పత్రికలో చదువబోయే రైల్వే సోదరుల యూనియను గదులలోనూ ఇదే మూల, ఇదే కంప్యూటరు కలదని మేము ఎరుగుదుము. ప్రభుత్వ శాఖల లెక్కలు నడిచే పెద్ద వ్యవస్థల సంగతి వేరు. వాటిని మనం ముట్టుకొనేది లేదు. మన చేతిలో ఉన్న ఫైలు గురించే మన మాట.

అన్నిటికన్న ముందు గ్రహింపవలసినది ఒకటి. డేటాబేసు ఫైలుపై అనుమతి ఉన్నంత మాత్రాన చాలదు. ఆ ఫైలు ఉన్న ఫోల్డరుపైన కూడా అనుమతి ఉండవలెను. ఆక్సెస్ ఫైలును ఉమ్మడి వాడకానికి తెరిచిన మరుక్షణం అదే ఫోల్డరులో, అదే పేరుతో, తోకలో మాత్రం ఒక ‘ఎల్’ అక్షరం చేరిన చిన్న ఫైలు ఒకటి పుడుతుంది. దానిని తాళపు ఫైలు అనుకొందాము. లోపల ఎవరి యంత్రం ఉన్నదో, ఎవరు ఏ భాగాన్ని పట్టుకొని ఉన్నారో చూచుకొనేందుకు ఆక్సెస్‌కు అది ఆధారం. ఆఖరు మనిషి బయటకు వచ్చినప్పుడు అది చెరిగిపోతుంది. ఫోల్డరులో కొత్త ఫైలు సృష్టించే హక్కు లేనివారు తెరిస్తే ఈ తాళపు ఫైలు పుట్టదు. అది లేకుండా రెండవవారిని లోపలికి రానిచ్చే మార్గం ఆక్సెస్‌కు లేదు. కావుననే ఫైలు ఒక్కరికే పరిమితమవుతుంది, లేదా చదువుటకు మాత్రమే తెరుచుకొంటుంది. ఒంటి లైను మీద పనిచేసిన సోదరులకు ఇది వివరింప నక్కరలేదు. టోకెను ఇచ్చే యంత్రమే పనిచేయని స్టేషను నుండి బండిని మామూలుగా సాగనంపగలమా?

కాబట్టి ఆ ఫోల్డరులో చదువుట, వ్రాయుట, కొత్తది సృష్టించుట, చెరుపుట అను నాలుగు హక్కులూ వాడేవారికి ఉండవలెను. చెరిపే హక్కు ఎందుకని అడుగుతారు. అది లేకుంటే పని ముగిసిన తరువాత తాళపు ఫైలు అలాగే మిగిలిపోతుంది. కరెంటు పోయి కంప్యూటరు హఠాత్తుగా ఆగినప్పుడు కూడా ఇలాగే మిగులుతుంది. అప్పుడు దానిని చేతితో తీసివేయవచ్చును గాని, కార్యాలయంలో ఎవరూ ఆ డేటాబేసును తెరచి లేరని ప్రతి యంత్రం వద్దకు వెళ్ళి చూచిన తరువాతనే. తొందరపడితే ఇద్దరు ఒకే చోట వ్రాసి ఫైలు చెడుతుంది.

ఇది ఆక్సెస్ ఒక్కదాని వింత కాదు. 2000వ సంవత్సరంలో వెలువడి, నేడు మన చేతిఫోన్లన్నిటిలో ఉన్న ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసు కూడా దిద్దబోయే పుటను ముందు పక్కనే మరొక ఫైలులో భద్రపరచి, ఆపైన అసలు పుటను దిద్దుతుంది. ఫోల్డరులో వ్రాసే హక్కు లేకుంటే అదీ మొరాయిస్తుంది.

రెండవ చిక్కు, నెట్‌వర్కు ద్వారా పంచుకొన్న ఫోల్డరుది. విండోస్‌లో ఇటువంటి ఫోల్డరుకు రెండు ద్వారాలుంటాయి. ఒకటి పంపకపు అనుమతి, ప్రాపర్టీస్‌లో ‘షేరింగ్’ అన్న చోట కనపడేది. రెండవది డిస్కు మీది అనుమతి, ‘సెక్యూరిటీ’ అన్న చోట కనపడేది. నెట్‌వర్కు మీదుగా వచ్చేవారు రెండు ద్వారాలూ దాటవలెను. రెంటిలో ఇరుకైనదే చెల్లుతుంది. ఫైలు ఉన్న యంత్రం ముందు కూర్చొని తెరిస్తే పని జరుగుతూ, పక్క గదిలోని యంత్రం నుండి జరగడం లేదంటే మొదట పంపకపు అనుమతిని అనుమానించండి. ఒక ద్వారం బార్లా తీసి, రెండవది మూసి ఉన్నదని మరచి, కంప్యూటరుకు దెయ్యం పట్టిందన్నవారిని మేము చూచినాము.

మూడవది చాలమందికి తెలియనిది. కోశాధికారి తన సొంత ఖాతాలో, తన డెస్క్‌టాప్ మీద ఫైలు తయారుచేసి, దానిని అదే డిస్కులోని ఉమ్మడి ఫోల్డరుకు జరిపినారనుకొందాము. ఆ ఫైలు తన పాత అనుమతులను వెంటబెట్టుకొని వస్తుంది. అనగా అది ఉమ్మడి ఇంటిలో ఉన్నా తాళం ఆయనదే. అదే ఫైలును జరపక కాపీ చేసినచో కొత్త ఫోల్డరు అనుమతులను స్వీకరిస్తుంది. పాత కంప్యూటరు చెడిపోయి దాని డిస్కును కొత్తదానికి తగిలించినప్పుడు వచ్చే చిక్కు దీనికి చుట్టమే. పాత యజమాని పేరు కొత్త యంత్రానికి తెలియదు. పేరుకు బదులు పొడుగాటి అంకెల వరుస కనపడుతుంది. అప్పుడు నిర్వాహక ఖాతాతో ప్రవేశించి, ముందు ఫైలు యాజమాన్యం తీసుకొని, ఆపైన అనుమతులు ఇవ్వవలెను.

ఇక ఒకరు వ్రాసిన చందా మరొకరికి కనపడకపోవుట. సంఘాలకు ఎక్కువ చేటు తెచ్చేది ఇదే, ఎందుకంటే ఇందులో తప్పు సందేశమేదీ తెరమీద రాదు. పూర్వపు ప్రోగ్రాములు కొన్ని తమ లెక్కల ఫైళ్ళను ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ అనే ఫోల్డరులోనే ఉంచుకొనేవి. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టా నుండి ఆ ఫోల్డరులో సామాన్య ఖాతాలు వ్రాయరాదు. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా విండోస్ ఒక ఉపాయం చేసినది. అవి అక్కడ వ్రాసినదానిని చప్పుడు చేయకుండా ఆ వాడుకరి సొంత భాగంలోని ‘వర్చువల్ స్టోర్’ అనే ఫోల్డరుకు మళ్ళిస్తుంది. ఒకే యంత్రంలో ఉదయం కార్యదర్శి తన ఖాతాతోను, సాయంత్రం కోశాధికారి తన ఖాతాతోను వ్రాస్తే రెండు పుస్తకాలు తయారవుతాయి. ఇద్దరూ నిజాయితీగానే వ్రాసినారు. ఇద్దరి మొత్తాలూ వేరు. సర్వసభ్య సమావేశంలో లెక్క చదివిననాడు ఎవరి ముఖం ఎట్లుండునో ఊహించండి! లెక్కల ఫోల్డరును అక్కడినుండి తీసి, డిస్కులో దానికంటూ వేరే చోటు కల్పించుటే మార్గం. తీయబోయే ముందు ప్రతి ఖాతాలోని వర్చువల్ స్టోర్‌ను వెదకి, చెల్లాచెదురైన ప్రతులను సరిపోల్చుకొనవలెను.

ఇన్ని చిక్కులు ఎందుకని చాల కార్యాలయాలలో ఒకే మందు వేస్తున్నారు: ‘ఎవ్రీవన్’ అన్న పేరు చేర్చి ‘ఫుల్ కంట్రోల్’ ఇచ్చివేయుట. లినక్సు వాడేవారు 777 అని కొట్టుట. ఫిర్యాదు ఆ క్షణమే పోతుంది, నిజమే. బీరువా తలుపు ఊడదీస్తే తాళం చిక్కు ఉండదు గదా! ఫుల్ కంట్రోల్ అన్న హక్కులో వ్రాయుట, చెరుపుట మాత్రమే కాదు, ఇతరుల అనుమతులను మార్చుట, యాజమాన్యం తీసుకొనుట కూడా ఇమిడి ఉన్నవి. డేటాబేసు నడుపుటకు అవి అక్కరలేదు. ‘మాడిఫై’ చాలును. దానిని కూడా అందరికీ కాదు. రిజిస్టరు వ్రాసే ముగ్గురో నలుగురో ఎవరో, వారి పేర్లతో ఒక గ్రూపు ఏర్పరచి, ఆ గ్రూపుకు ఇవ్వండి. ఇచ్చిన తరువాత నిర్వాహక ఖాతాతో గాక, ఒక సామాన్య సభ్యుని ఖాతాతో, వేరే యంత్రం నుండి తెరచి చూడండి. నిర్వాహకునికి పనిచేసినది అందరికీ పనిచేస్తుందన్న భ్రమ వద్దు.

ఇంత పట్టుదల ఎందుకంటే, వ్రాయగల చేయి ఎవరిది అన్న ప్రశ్న తపాలా ఉద్యోగులను చెరసాలకు పంపిన ఉదంతం ఒకటి మన కళ్ళముందున్నది. బ్రిటన్‌లో 1999 నుండి తపాలా కార్యాలయాలలో హొరైజన్ అనే లెక్కల వ్యవస్థను ప్రవేశపెట్టినారు. అది మనం చెప్పుకొంటున్న చిన్న డేటాబేసు కాదు, దేశవ్యాప్తమైన వ్యవస్థ. అందులో లెక్క తగ్గినదని 2015 వరకు తొమ్మిది వందలకు పైగా సబ్ పోస్టుమాస్టర్లను నేరస్థులుగా నిలబెట్టినారు. మీ శాఖ లెక్కను మీరు తప్ప మరెవ్వరూ మార్చలేరన్నది వారిపై వాదన. అలన్ బేట్స్ ముందు నిలువగా 555 మంది వేసిన దావాలో 2019 డిసెంబరులో హైకోర్టు తీర్పు చెప్పినది: వ్యవస్థలో లోపాలున్నవి, పైగా పోస్టుమాస్టరుకు తెలియకుండానే దూరం నుండి లెక్కను మార్చుట సాధ్యమే. 2024లో ప్రత్యేక చట్టం చేసి శిక్షలు రద్దుచేసినారు. కాని అప్పటికే ఎందరో దివాళా తీసినారు. కొందరు ఆ మచ్చతోనే కన్నుమూసినారు.

మన తపాలా కార్యాలయాలలో నగదు పెట్టెకు జాయింట్ కస్టడీ కలదు. ఒక తాళంచెవి పోస్టుమాస్టరు వద్ద, మరొకటి ట్రెజరరు వద్ద. ఆ ఏర్పాటు ఒకరిమీద ఒకరికి అనుమానముండి పుట్టినది కాదు. రేపు అనుమానం వస్తే ఇద్దరినీ కాపాడుటకు పుట్టినది. ఫైలు అనుమతిని కూడా ఈ దృష్టితోనే చూడవలెనని మా అభిప్రాయం. గోడమీద పాస్‌వర్డు అంటించి అందరూ ఒకే ఖాతాలో పనిచేసే చోట, సహాయనిధిలో రెండు వేలు తేడా వచ్చిననాడు కోశాధికారి తన నిర్దోషిత్వాన్ని ఎట్లు చూపగలడు?

అయితే ఈ చిన్న డేటాబేసులకు ఒక హద్దు కలదు, దానిని దాచిపెట్టరాదు. చదువుటకు మాత్రమే వచ్చేవారికి కూడా ఆక్సెస్‌లో ఫోల్డరు హక్కులు ఇవ్వక తప్పదని చూచినాము. ఆ హక్కులున్నవారు తలచుకొంటే ఫైలును మొత్తంగా ఎత్తుకొని పోవచ్చును, చెరిపివేయవచ్చును. పూర్వం ఆక్సెస్‌లో ఒక్కొక్క వాడుకరికి వేరువేరు హక్కులిచ్చే ఏర్పాటు ఉండేది. 2007లో వచ్చిన కొత్త ఫైలు రూపంలో దానిని తీసివేసినారు. పట్టికలను ఒక ఫైలులోను, తెరలను మరొక ఫైలులోను విడదీసి, తెరల ప్రతిని ఒక్కొక్కరి యంత్రంలో ఉంచుట మేలే. ప్రతి నమోదు పక్కన వ్రాసినవారి పేరు, సమయం వాటంతట అవే పడేటట్లు తెరను కట్టించుట ఇంకా మేలు. కాని తెలిసినవారికి ఇవి అడ్డుగోడలు కావు. చందాల పట్టికకు ఈ ఏర్పాటు చాలును. సహాయనిధి లెక్కను మాత్రం ఒకరే వ్రాసి, మిగిలినవారికి నెలనెలా అచ్చు ప్రతి ఇచ్చుట మంచిది. వ్రాసే చేతులు ఎక్కువైన శాఖ మైఎస్‌క్యూఎల్ వంటి సర్వరు డేటాబేసుకు మారవలసినదే.

మిగిలినది పెన్‌డ్రైవు. దూర దీవులకు ఇక్కడి రేవు నుండి వెళ్ళే సోదరులు తమ శాఖ ఫైలును అందులోనే తీసుకొని పోతారు. పెన్‌డ్రైవులు చాలవరకు ఫ్యాట్ 32, లేదా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో సిద్ధమై వస్తాయి. ఆ పద్ధతులలో విండోస్ అనుమతులకు చోటు లేదు. ఇక్కడ మనం ఎంత జాగ్రత్తగా గ్రూపు కట్టినా, పెన్‌డ్రైవులోకి ఎక్కిన ప్రతికి అవేవీ అంటవు. ఓడలో జారిపోతే దొరికినవారు తెరుస్తారు. అందుచేత తీసుకొని పోయే ప్రతికి పాస్‌వర్డు పెట్టి, ఆక్సెస్‌లోనే గూఢలిపి చేయించండి. చేరిన చోట అక్కడి ఫోల్డరులోకి కాపీ చేసిన వెంటనే దాని అనుమతులను ఒకసారి చూడండి. పాస్‌వర్డును మాత్రం అదే పెన్‌డ్రైవుకు కాగితం చుట్టి పంపవద్దు, ఫోనులో చెప్పండి.