పరిశోధన ఫెలోషిప్‌కు మార్కులు ఎంతో, పత్రాలూ అంతే
(ఎమ్మెస్సీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎమ్మెస్సీ ముగించిన బిడ్డ పరిశోధన చేస్తానంటే, మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: ఐదేళ్లు జరుగుబాటు ఎట్లా? సచార్ కమిటీ నివేదిక అనంతరం, 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ఈ ప్రశ్నకు కొంత జవాబుగా ఉండేది. ఇతర ఫెలోషిప్‌లు ఇదే పని చేస్తున్నాయన్న కారణం చూపి, 2022-23 నుండి దానిని నిలిపివేస్తున్నట్లు ప్రభుత్వం 2022 డిసెంబరులో లోక్‌సభకు తెలిపింది. ఆ కారణాన్ని మేము అంగీకరించడం లేదు. పునరుద్ధరించాలని కోరుతూనే ఉంటాము. అయితే ఈ సంవత్సరం దరఖాస్తు చేయవలసిన విద్యార్థి ఆ కోరిక నెరవేరే దాకా ఆగజాలదు. ఉన్న ద్వారాలను మనం తెలుసుకొని తీరాలి.

విజ్ఞానశాస్త్రాలలో ప్రధాన ద్వారం సి.ఎస్.ఐ.ఆర్.-యు.జి.సి. నెట్ పరీక్ష. రసాయన, భౌతిక, గణిత, జీవ, భూవిజ్ఞాన శాస్త్రాలలో జరుగుతుంది. 3 గంటలు, 200 మార్కులు. ఎమ్మెస్సీలో 55 శాతం, ఓ.బి.సి.లకు 50 శాతం మార్కులు అవసరం. చివరి సంవత్సరం చదువుతున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. మహిళలకు జె.ఆర్.ఎఫ్. వయోపరిమితిలో 5 సంవత్సరాల సడలింపు ఉన్నది. పెళ్లయిందని ఆగిపోయిన మన ఆడబిడ్డలకు ఈ మాట తప్పక చెప్పండి. జె.ఆర్.ఎఫ్.కు ఎంపికైతే తొలి 2 సంవత్సరాలు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు లభిస్తాయి. విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ ప్రథమ ర్యాంకు పొందినవారికి ఇన్‌స్పైర్ ఫెలోషిప్ మరొక మార్గం.

ఇక మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. పరుపులు కుట్టే ఒక నూర్‌బాషా కుటుంబంలోని అమ్మాయి రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, దరఖాస్తు నింపేముందు మా వద్దకు వచ్చింది. ఆమె చేతిలో రాష్ట్ర ప్రభుత్వ బి.సి.-బి పత్రం ఉన్నది. ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్యనే జీవితం గడిపిన మేము దానిని చూసి, "ఇది చాలునమ్మా" అన్నాము. చాలలేదు. కేంద్ర పరీక్షకు కేంద్ర నమూనాలో ఓ.బి.సి. నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి. అది తెలిసేసరికి చివరి తేదీకి నాలుగు రోజులే మిగిలాయి. పత్రం రాలేదు, జనరల్ కింద దరఖాస్తు చేసింది. లెక్చరర్‌షిప్ అర్హత వచ్చింది కాని జె.ఆర్.ఎఫ్. రాలేదు. ఆ విడత ఓ.బి.సి. జె.ఆర్.ఎఫ్. కటాఫ్ కంటె ఆమె మార్కులు ఎక్కువే. మరుసటి ఏడు మళ్లీ రాసి నెగ్గింది. మధ్యలో పోయిన సంవత్సరం మాత్రం మా మాట వల్ల పోయినదే. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందుకే మరింత బాధ.

కనుక మూడు విషయాలు మనవి చేస్తాము.

మొదటిది: రాష్ట్ర జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉన్నట్లు కాదు. దూదేకుల, నూర్‌బాషాలు రెండింటిలోనూ ఉన్నారు. బి.సి.-ఇ కుటుంబాలు మాత్రం తమ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో చూచుకోవాలి. లేనిచో, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండి, భూమి, ఇంటి షరతులకు లోబడితే ఇ.డబ్ల్యు.ఎస్. పత్రం కోరవచ్చు.

రెండవది: ఆ పత్రం ప్రకటన వెలువడక ముందే సిద్ధం చేసుకోవాలి. ఇ.డబ్ల్యు.ఎస్. పత్రాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి.

మూడవది: పేరు. పదవ తరగతి మెమోలో "ఎస్.కె.", ఆధార్‌లో "షేక్", డిగ్రీలో "షైక్" అని ఉంటే పత్రాల పరిశీలన నాడు చిక్కే. "మహమ్మద్" సంగతీ అంతే. పదవ తరగతి మెమోలోని అక్షరాలనే అన్నిచోట్లా నిలపండి. తేడాలుంటే ఇప్పుడే దిద్దించండి.

చదువు బిడ్డల పని. కాగితం పెద్దల పని. మన వంతు పనిలో జరిగిన లోపానికి బిడ్డ సంవత్సరం బలి కారాదు. మా వంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊరిలో ఉన్నారు. వారంలో ఒక సాయంత్రం ఈ పనికి కూర్చోవలసిందిగా వారిని కోరుతున్నాము. అయితే మేము చేసినట్లు చూడకుండా "చాలును" అనవద్దు. ప్రకటన తెరిచి, చదివి, అప్పుడే చెప్పండి.

సెలవు.