కెట్టరింగ్ ప్రార్థనా మందిరాలు

రాజుల కన్నా చేతిపనివాళ్ళ కథలే ఎక్కువగా చెప్పిన చరిత్ర మాస్టారి పేర జరుగుతున్న ఉపన్యాసం ఇది. ఆయన మనసుకు నచ్చే విషయమనే కెట్టరింగ్‌ను ఎంచుకున్నాను. ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లోని ఒక మామూలు ఊరది.

1662లో రెండో చార్లెస్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. రాజ్య చర్చి ప్రార్థన పుస్తకాన్ని ప్రతి బోధకుడూ పూర్తిగా అంగీకరించి తీరాలి. మనసొప్పక పదవులు పోగొట్టుకున్న వాళ్ళలో కెట్టరింగ్ పాదిరి జాన్ మెయిడ్‌వెల్ ఒకరు. పదవి పోయినా ఆయన వెంట ఉన్నవాళ్ళు ఉన్నారు. ఇళ్ళల్లో కూడుకుని ప్రార్థనలు చేసుకున్నారు. ఇంటివాళ్ళు కాక బయటివాళ్ళు ఐదుగురు చేరితే నేరమని 1664లో మరో చట్టం వచ్చింది. 1672లో రాజు అనుమతులిచ్చి, మరుసటి ఏడే వెనక్కి తీసుకున్నాడు. 1689 నాటి సహన చట్టంతో గాని వాళ్ళు తలుపులు తెరిచి ప్రార్థించుకోలేకపోయారు.

ఇలా రాజ్య చర్చికి వెలుపల నిలిచినవాళ్ళే నాన్‌కన్ఫర్మిస్టులు. కెట్టరింగ్‌లో మొదట ఉన్నది ఇండిపెండెంట్ల సంఘం, అంటే ప్రతి సంఘం తన వ్యవహారం తానే చూసుకోవాలనే వాళ్ళది. బాప్తిస్మం విషయంలో అభిప్రాయం కలవక 1696లో విలియం వాలిస్ వెంట కొందరు విడిపోయి బాప్టిస్టు సంఘం పెట్టుకున్నారు. ఇండిపెండెంట్లు 1723లో ‘గ్రేట్ మీటింగ్’ అనే పెద్ద మందిరం కట్టుకున్నారు. అక్కడ టోలర్ వంశపు తండ్రీకొడుకులు ఒకరి తర్వాత ఒకరు 1775 నుంచి 1875 దాకా, నూరేళ్ళు బోధించారు.

ఆ కాలపు మీటింగ్ హౌసులు చూడటానికి సాదాసీదాగా ఉంటాయి. రంగుల అద్దాలుండవు, బలిపీఠం ఉండదు. అందరికీ మాట వినపడేలా బోధకుడి వేదిక ఎత్తుగా ఉంటుంది. ముందు వాక్యం వినాలన్నదే ఆ కట్టడం ఉద్దేశం. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆదివారం ఆరాధన కాదు, సంఘ సభ్యుల సమావేశం. బోధకుణ్ణి ఎన్నుకునేది వాళ్ళే, జీతమిచ్చేదీ వాళ్ళే. కొత్త సభ్యుణ్ణి చేర్చుకోవాలన్నా, తప్పు చేసినవాణ్ణి తీసెయ్యాలన్నా అందరూ కూర్చుని తేల్చి, పుస్తకంలో రాసేవారు. 1828 దాకా చట్టం వీళ్ళకు ప్రభుత్వ పదవులను నిషేధించింది. 1837 దాకా, క్వేకర్లనే శాఖవారికి తప్ప మిగతావారికి తమ మందిరంలో పెళ్ళి చేసుకునే హక్కు కూడా లేదు. ఊరి పాలనలో చోటివ్వని మనుషులు తమ సంఘాన్ని ఇలా తామే పాలించుకున్నారు. చందా వసూలు, లెక్క చెప్పడం, వాదించి ఒక మాట మీదికి రావడం అక్కడే నేర్చుకున్నారు.

ఆ అలవాటు ఎంత దూరం వెళ్ళిందో 1792 అక్టోబరు 2న తెలిసింది. బాప్టిస్టు బోధకుడు ఆండ్రూ ఫుల్లర్, ఒకప్పుడు చెప్పులు కుట్టిన విలియం కేరీ, మరి పన్నెండుగురు బీబీ వాలిస్ అనే డీకన్ ఇంట్లో, ఆయన భార్య దగ్గర చేరారు. ఆమె భర్త పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. విదేశాల్లో సువార్త ప్రచారానికి ఎవరు ఎంతివ్వగలరో చీటీల మీద రాసి ఫుల్లర్ నశ్యం డబ్బాలో వేశారు. మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. బాప్టిస్టు మిషనరీ సొసైటీ పుట్టింది ఆ చీటీల మీదే. దీన్ని కేరీ ఒక్కడి ఘనతగా చెప్పడం మనకు అలవాటు. నా మటుకు నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. కేరీ సముద్రం దాటి ఇండియా వెళ్ళాడు. ఫుల్లర్ 1815లో కన్నుమూసే దాకా కార్యదర్శిగా ఊరూరా తిరిగి డబ్బు కూడబెట్టాడు. నూటముప్ఫై ఏళ్ళుగా తమ ఖర్చు తామే భరించిన జనం లేకపోతే ఆయన ఎవరిని అడిగేవాడు?

1803లో ఇదే ఊళ్ళో పుట్టిన విలియం నిబ్ జమైకాలో అదే సొసైటీ మిషనరీగా పనిచేసి, 1832లో పార్లమెంటు కమిటీల ముందు బానిసత్వానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు.

తెలుగువాళ్ళకు ఇందులో స్వంత సంబంధమే ఉంది. 1812 మార్చిలో, బెంగాల్‌లో కేరీ బృందం నడిపిన శ్రీరాంపురం ముద్రణాలయం కాలిపోయింది. కాగితం, రాతప్రతులు బూడిదయ్యాయి, లోహపు అక్షరాలు కరిగిపోయాయి. నష్టం దాదాపు 10,000 పౌండ్లు. కబురందిన రెండు నెలల లోపే ఇంగ్లండు, స్కాట్లండుల్లో ఆ మొత్తం పోగైంది. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అదే ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి. ఇండిపెండెంట్లు ముఖ్యపాత్ర వహించిన లండన్ మిషనరీ సొసైటీ అయితే 1805 నాటికే విశాఖపట్నం చేరింది.

సంఘాలు రాసి దాచుకున్న పుస్తకాల వల్లే ఇలాంటి ఊళ్ళ చరిత్ర మనకు ఇంత వివరంగా తెలుస్తోంది. మన పాత చర్చిల బీరువాల్లోనూ బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు ఉన్నాయి. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో అక్షరం నేర్చిన తొలి తరం పేర్లు వాటిలో ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని బయటికి తీసి, ఫొటోలు తీయించి, ఒక ప్రతి మీ జిల్లా గ్రంథాలయానికి ఇవ్వమని ఈ సభలో ఉన్న సంఘ పెద్దలందరినీ కోరుతున్నాను.