బిడ్డ కనిపించకపోతే మొదటి గంట
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. ఆ మాట ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి తప్పిపోయిన పిల్లల సంగతి చెబుతాను. ఇదీ విద్యలో భాగమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

2011లో మా బడిలో మూడో తరగతి కుర్రాడొకడు, ఇంట్లో తిట్టారని అలిగి బాపట్ల స్టేషనుకు పోయి విజయవాడ పాసింజరు ఎక్కేశాడు. మగ్రిబ్ వేళకు గాని ఇంట్లో గమనించలేదు. వాళ్ల అమ్మ ఏడుస్తూ మా ఇంటికొచ్చి, "మాస్టర్ సాబ్, మున్నా ఇక్కడికేమైనా వచ్చాడా?" అని అడిగింది. ఫిర్యాదు ఇవ్వబోతే అక్కడున్నాయన "రేపటిదాకా చూడండి, వాడే వస్తాడు" అన్నాడు. ఫోటో ఉందా అంటే బిస్మిల్లా నాటిది తెచ్చారు. పూలదండల్లో మొహమే కనపడదు! ఏ చొక్కా వేసుకున్నాడంటే తల్లి నీలం అంది, అన్న పచ్చ అన్నాడు.

మూడో రోజు విజయవాడలో దొరికాడు. అల్లా దయవల్ల మంచివాళ్ల చేతిలో పడ్డాడు. వాళ్లు పేరడిగితే "మున్నా" అన్నాడట. నాన్న పేరు "అబ్బా". ఇల్లెక్కడంటే "మస్జిద్ కే పీఛే". ఉర్దూ తప్ప మరో మాట రాకపోయేసరికి హైదరాబాదు పిల్లాడో, ఉత్తరాది బండి దిగినవాడో అనుకుని అటువైపు వాకబు చేశారు. గట్టిగా రెండు గంటల ప్రయాణంలో ఉన్న బాపట్ల ఎవరికీ తట్టలేదు. ఇందులో సగం తప్పు నాదే. వాడికి అలిఫ్, బే నేర్పాను గాని తన ఊరి పేరు, తండ్రి పేరు తెలుగులో చెప్పడం నేర్పలేదు.

ఇప్పుడు "రేపటిదాకా చూడండి" అనే మాట చెల్లదు. బచపన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లలు కనపడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టాలి, అపహరణో అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే వెతకడం మొదలుపెట్టాలి. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన కొత్త చట్టం ప్రకారం ఇది మా పరిధి కాదని కూడా తిప్పి పంపకూడదు. తెనాలిలో తప్పిపోతే బాపట్లలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 112కు ఫోను చేయండి. పిల్లల కోసమే 1098 ఉంది, 1996లో బొంబాయిలో మొదలైంది. రైలు సంగతైతే 139.

అదే 1996లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం ఆర్లింగ్టన్ ఊళ్లో, సైకిలు తొక్కుకుంటున్న అంబర్ హేగర్‌మన్ అనే 9 ఏళ్ల పిల్లను ఎత్తుకుపోయారు. నాలుగు రోజులకు శవం దొరికింది. తుఫాను వస్తుంటే రేడియో హెచ్చరిస్తుంది గదా, పిల్ల పోతే ఎందుకు హెచ్చరించదని జనం అడిగారు. దానితో పుట్టిందే అంబర్ అలర్ట్. ఇప్పుడది సెల్‌ఫోన్లకే వస్తుంది. అయితే ప్రతి కేసుకూ మోగించరు. ఎత్తుకుపోయారని పోలీసులు నమ్మాలి, ప్రాణాపాయం ఉండాలి, ఆనవాళ్లు దొరకాలి. ఊరికే మోగిస్తే ఎవరూ వినరు.

తుఫాను హెచ్చరిక విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది.

కాని వార్త పంపడంలో జాగ్రత్త కావాలి. 2018 జూలైలో హైదరాబాదు నుంచి బీదర్ వైపు వెళ్లిన కుర్రాళ్లు ముర్కి ప్రాంతంలో పిల్లలకు చాక్లెట్లిచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని వాట్సాప్‌లో పుకారు పుట్టింది. జనం మూగి కొట్టారు, వాళ్లలో ఒక ఇంజనీరు చనిపోయాడు. ఆ ఇంట్లోనూ తల్లి ఉంది గదా! మరుసటి ఏడు జూలైలో మండపేటలో నాలుగేళ్ల బాబును ఎత్తుకుపోతే, ఫోటో ఫోన్లలో, టీవీల్లో ఊరూరా తిరిగింది. చివరికి ఇటుక బట్టీ దగ్గర వదిలేసి పారిపోయారు. అదే ఫోను ఒకచోట ప్రాణం తీసింది, ఒకచోట బిడ్డను వెతికింది. తేదీ, స్టేషను పేరు, బట్టల రంగు లేని మెసేజి వస్తే దయచేసి ముందుకు పంపకండి. దొరికాక ఆ ఫోటో తీసేయండి, పిల్ల పెద్దదయ్యాక కూడా అది తిరుగుతూనే ఉంటుంది.

మన మస్జిద్ మైకు ఉంది. పిల్లాడు కనిపించకపోతే దాంట్లో చెబుతాం, ఉర్దూలోనే చెబుతాం. ఆటో నడిపే అబ్బాయికి, స్టేషను దగ్గర పూలమ్మే అమ్మకు ఏం అర్థమవుతుంది? పిల్లాణ్ణి చూసేది వాళ్లే. ఇమాం సాహెబులు మన్నించాలి, అదే ప్రకటన తెలుగులో కూడా చదివించమని సంఘం తరఫున కోరుతున్నాను.

మొన్న నా మూడో తరగతిలో తండ్రి ఫోను నెంబరు చెప్పమని అడిగాను. సగంమంది నోరు తెరవలేదు. ఒకడు గడగడా చెప్పాడు, తీరా చేస్తే అది రీచార్జి షాపువాడిది!

వెనక బల్ల మీద కార్డులు పెట్టించాను. పిల్లవాడి బడి పేరు, ముద్దుపేరు, పుట్టుమచ్చలు, మీ నెంబరు రాసి, ఈ నెలలో తీసిన ఫోటో అంటించి ఇంట్లో పెట్టుకోండి. రాయడం రాని తల్లులు మొహమాటపడొద్దు, నేను అక్కడే కూర్చుంటాను. ఖుదా హాఫిజ్.