కోతయంత్రము అదరుట – కారణాన్వేషణము



నేడు నేను చెప్పబోవు విషయము వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. ముప్పది యేండ్లకు పైగా పాఠశాలలో పద్యములను, వ్యాకరణమును బోధించినవాడు రంపపు యంత్రము అదరుటను గూర్చి ప్రసంగించుట యేమని అడుగవచ్చును. ఆ యంత్రము విషయమున నేనొక తప్పు చేసితిని. దానిని దిద్దుకొనుటలో నేర్చినది ఇతరులకును పనికివచ్చునని తోచి యీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మల్కాజ్‌గిరిలో మా యింటికి నాలుగిండ్ల అవతల నా పూర్వవిద్యార్థి యొకడు కాపురముండును. అతడు అటవీశాఖవారి అనుమతి పొంది, అప్పుచేసి, ఒక చిన్న కోతయంత్రమును కొనెను. పెద్ద మిల్లులలో సాధారణముగా దుంగ కదలును, రంపము నిలిచియుండును. ఇందులో దుంగయే నిలిచియుండును. రంపము ఇనుపపట్టాలమీద బండివలె నడచి దానిని పలకలుగా కోయును. 19 అంగుళముల వ్యాసముగల చక్రములు రెండు; వాని చుట్టును 158 అంగుళముల పొడవుగల ఉక్కుపట్టీ. పట్టీకి ఒక అంచున పండ్లుండును. రెండు కొనలును అతుకబడి అది హారమువలె తిరుగుచుండును. యంత్రము నంతయు బండికి తగిలించి కీసరకో, ఘట్‌కేసరుకో, మేడ్చలుకో కొనిపోయి, గాలివానకు కూలిన వేపనో మామిడినో పడినచోటనే కోయవచ్చును.

ఒక వర్షాకాలమున కీసర ప్రాంతమున పచ్చి వేపదుంగలు కోసి వచ్చిననాటినుండి ఆ యంత్రము అదర మొదలిడెను. కోసిన పలకమీద అలలవలె గీతలు పడుచుండెను. కొనువారు వెల తగ్గింపుమనిరి. ప్రక్కయింటివారు గోడ కదలుచున్నదని తగవునకు వచ్చిరి. అప్పునకు వాయిదా దగ్గరపడుచుండెను. అప్పుడు నా శిష్యుడు నా యొద్దకు వచ్చి, “సారూ, మీరొకసారి వచ్చి చూడండి” అనెను.

నేను యంత్రములు చదువుకొన్నవాడను గాను. అయినను గురుస్థానమున నున్నవానికి ‘తెలియదు’ అను మాట నోట రాదు. “తేలికగా నున్నది గనుక అదరుచున్నది, నేలకు గట్టిగా బిగింపుము నాయనా” అని చెప్పితిని. అతడు సిమెంటు గచ్చు పోయించి, యంత్రపు కాళ్లను బోల్టులతో దానికి బిగించెను. రంపపు పట్టీని గూడ మరింత బిగువు చేసెను. రెండు దినములు నయమైనట్లే యుండెను. మూడవనాడు కోత నడుమ పట్టీ ఫెళ్లున తెగెను. చక్రముల మూతలు వేసియుండుటచేతను, పనికుఱ్ఱవాడు పట్టీ నడచు వరుసలో నిలువకుండుటచేతను ప్రాణహాని తప్పెను. ప్రక్కయింటి గోడయో, మునుపటికంటె అధికముగా కదల మొదలిడెను; యంత్రమునకును ఆ గోడకును నడుమ నేను వేయించిన గచ్చే వంతెన యైనది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పొగను జూచి నిప్పును ఊహించుటకు ముందు అది పొగయో మంచో చూడవలెనని ఎందరికో పాఠము చెప్పినవాడను. నేనే చూడక చెప్పితిని. నిదానము చేయక చికిత్సకు దిగితిని.

మల్కాజ్‌గిరిలో రైలుమార్గము చెంత నుండువారికి కిటికీలు అదరుట క్రొత్తగాదు. రైలు వచ్చునపుడు అదరును. రైలు పోయిన పిమ్మట ఊరకుండును. కావున ఆ అదురునకు రైలే కారణమని నిశ్చయింతుము. ఒకటి యున్నపుడు రెండవది యుండుట అన్వయము. అది లేనపుడు ఇదియు లేకుండుట వ్యతిరేకము. ఈ రెండును కుదిరినగాని ఒకదానిని మఱియొకదానికి కారణమనరాదు. కోతయంత్రము విషయముననూ చేయవలసినది ఇంతే. దాని అంగములను విడదీసి, ఒక్కొక్క మారు ఒక్కొక్క అంగమునే చేర్చి చూడవలెను.

మరునాడు మేమిద్దరము అట్లే చేసితిమి. మొదట బెల్టు విప్పి ఇంజినును మాత్రము నడపితిమి, అదురు లేదు. కావున దోషము ఇంజినుది గాదు. పిదప బెల్టు వేసి, రంపపు పట్టీ లేకుండ, మూత మూసి నడపితిమి. అప్పుడు ఇంజినుచే త్రిప్పబడు చక్రము మాత్రమే తిరుగును, రెండవది ఊరకుండును. అప్పుడును అదురు లేదు. పిదప క్రొత్తపట్టీ వేసి దుంగ లేకుండ నడపగా అదురు కనబడెను. పాతపట్టీతోను ఉండెను, క్రొత్తదానితోను ఉన్నది. కావున పట్టీయు నిర్దోషియే. మిగిలినవి రెండవ చక్రమును, కోతస్థలమున పట్టీని నిలుపు చిన్న దారిచక్రములును. దారిచక్రములను ఎడముగా జరిపి చూచితిమి, అదురు తగ్గలేదు.

ఇంకొక సాక్షి పలకయే. దానిమీది గీతలు వ్యర్థమైనవి కావు. యంత్రము వ్రాసిన వ్రాతయే అది. ఈ యంత్రమున పట్టీ నిమిషమునకు సుమారు 5,000 అడుగులు పరుగెత్తును. చక్రపు చుట్టుకొలత ఇంచుమించు 60 అంగుళములు. ఆ లెక్కన చక్రము సెకనుకు ఇంచుమించు 17 మార్లు తిరుగును. పట్టీ ఆరుమార్లకు పైగా చుట్టివచ్చును. రంపము దుంగలో సెకనుకు 6 అంగుళములు ముందుకు సాగుచున్నదనుకొందము. పట్టీలో అతుకో, విరిగిన పన్నో దోషమైనచో గీత ఇంచుమించు అంగుళమున కొకటి పడును. చక్రమునందు దోషమైనచో అంగుళములో మూడవవంతునకు కొంచెము మించి యొకటి పడును. మేము కొలబద్ద పెట్టి చూడగా మూడున్నర అంగుళములలో పది గీతలుండెను. పలకయు చక్రమునే చూపెను.

పిదప ఇంజినును ఆపి, తాళపుచెవి జేబులో వేసికొని, పట్టీ తీసి, రెండవ చక్రమును చేతితో మెల్లగా త్రిప్పి విడిచితిమి. సమతూకము గల చక్రము ఒక్కొక్క మారు ఒక్కొక్కచోట నిలుచును. తూకము తప్పినది బరువైన చోటు క్రిందికి వచ్చువరకు ఊగి నిలుచును. అది నిలిచినపుడు క్రిందిభాగమున సుద్దముక్కతో గుర్తు పెట్టితిని. మరల త్రిప్పితిమి, గుర్తు క్రిందికే వచ్చెను. మూడవమారును అంతే. జీవితమంతయు చేతబట్టిన సుద్దముక్క నాకు ఇంత నిక్కమైన జవాబు ఎన్నడును చెప్పియుండలేదు.

ఆ గుర్తుచోట చక్రపు అంచు లోపలివైపున తడి వేపపొట్టు పేరుకొని, ఎండి, ఇటుకవలె గట్టిపడియుండెను. ఉలితో గీకి తూచగా నాలుగు తులములకు పైగా తూగెను. ఇంత స్వల్పమునకు అంత అదురా యని మీరనవచ్చును. ఆ వేగమున చక్రపు అంచునంటిన ఒక్క తులము సుమారు మూడు కిలోల బలముతో వెలుపలికి లాగును. సెకనుకు పదియేడు మార్లు దాని దిక్కు చుట్టితిరుగును. వేగము రెట్టింపైనచో ఆ బలము నాలుగింతలగును. పొట్టు తీసి చక్రమును త్రిప్పగా సుద్దగుర్తు పక్కకు నిలిచెను. పట్టీ వేసి నడపితిమి, అదురు పోయెను.

పట్టీ ఏల తెగెనో ఇప్పుడు చెప్పెదను. పట్టీ ఒక్క చుట్టు తిరుగునపుడు రెండు చక్రములకడను రెండుమార్లు వంగి చాపగును. గంటకు నలువదియైదువేల మార్లకు పైగా వంగుట యన్నమాట. నా మాటవిని పెంచిన బిగువును, చక్రపు కుదుపును ఈ వంపునకు తోడు కాగా, పండ్ల నడిమి గుంటలో సన్నని బీట పుట్టి పెరిగి తుదకు తెగినది. బిగింపుచే అదురు అణగినట్లు కనబడెనేగాని, ఆ భారమంతయు ఉక్కు మోసినది.

అన్ని అదురులును చక్రమునవే గావు. గీతలు అంగుళమున కొకటిగా పడినచో అతుకును పరీక్షింపుడు. ఈ అతుకు చిన్నవిషయము గాదు. పట్టీరంపమునకు ఇంగ్లండులో విలియం న్యూబెరీ పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో పేటెంటు పొందినను, అతుకు నిలువక అది చాలకాలము పనికిరాకుండెను. ఆన్ పోలిన్ క్రెపిన్ అను ఫ్రెంచి వనిత అతుకుపద్ధతి నొకదానిని కనిపెట్టి 1846లో పేటెంటునకు దరఖాస్తు చేసిన పిమ్మటనే దీనికి దారి ఏర్పడెను. ఏదో ఒక్క వేగముననే అదిరి, హెచ్చించినను తగ్గించినను మానుచో, అది వీణతంత్రి పలుకుటవంటిది. బిగువును మితముగా మార్చియో, దారిచక్రములను దుంగకు దగ్గరగా జరిపియో ఆ స్వరమును తప్పింపవచ్చును. కోయునపుడు మాత్రమే అదరుచో దుంగ బిగింపును, పండ్ల మొద్దుదనమును చూడుడు. చక్రమును పైనను క్రిందను పట్టి ఊపినపుడు కదలిక యున్నచో బేరింగు అరిగినదని తెలిసికొనుడు.

ఇక రాకుండ చేయుట. సాయంకాలము పని ముగియగానే చక్రముల లోపలివైపు తుడువవలెను. పచ్చికొయ్య కోసిననాడు ఇది తప్పనిసరి. పట్టీ బిగువును రాత్రికి సడలింపవలెను. కోతలో పట్టీమీద సబ్బు కొద్దిగా కలిపిన నీటిని బొట్లుబొట్లుగా వదలినచో జిగురు అంటదు. క్రొత్తచోటికి పోయినపుడెల్ల యంత్రపు భారము బండిచక్రములమీద గాక కాళ్లమీద నిలుచునట్లు చేసి, కాళ్లక్రింద మందపు చెక్కలు వేసి, రసమట్టముతో పట్టాలను సరిచూడవలెను. దారిప్రయాణమున బోల్టులు సడలును గనుక వానిని పరీక్షింపవలెను. పరీక్షించుట వేఱు, కారణము తెలియక బిగించుట వేఱు. యంత్రము నడచునపుడు మూత తీయరాదు. పట్టీ వరుసలో ఎవ్వరును నిలువరాదు. అన్నిటికంటె ముఖ్యముగా ఒక పుస్తకము పెట్టి, ఏనాడు ఏ కొయ్య కోసినది, ఏమి మార్చినది వ్రాసికొనవలెను. “అదురు ఏనాడు మొదలైనది? దానికి ముందు ఏమి చేసితివి?” అని నేను మొదటిదినముననే అడిగియున్నచో కీసర వేపపొట్టు ఆనాడే తెలిసియుండెడిది.

గచ్చులోని బోల్టులు విప్పించి, కాళ్లక్రింద చెక్కలు వేయించితిమి. నేను ప్రక్కయింటికి పోయి తప్పు నాదని చెప్పితిని. ఆ యింటివారు గోడను చేతితో తాకి చూచి, “ఇప్పుడు రైలుకే కదులుతున్నది, పంతులుగారూ” అనిరి. గచ్చు ఖర్చు ఇచ్చెదనన్నను శిష్యుడు పుచ్చుకొనలేదు. “సారూ, ఆ సుద్దముక్క నాకివ్వండి చాలు” అనెను. ఇచ్చితిని. అది యిప్పుడు అతని పనిముట్ల పెట్టెలో నున్నది.

యంత్రమైనను, మానవుని దేహమైనను, సంసారమైనను, అదరినపుడు బిగింపవలెననియే చేయి సాగును. మొదట ఏది తీసిన అదురు ఆగునో చూడుడు. ఒకమారు ఒక్క మార్పే చేయుడు.