విద్యార్థుల న్యాయశాస్త్ర పత్రిక: అధ్యక్షోపన్యాసము



2006లో తెలంగాణ విశ్వవిద్యాలయము వెలసిన ఈ డిచ్‌పల్లిలో, అంతర్జాతీయ తులనాత్మక న్యాయశాస్త్రములకు విద్యార్థులే నడుపు పత్రిక యొకటి యుండవలెనన్న తలంపు నాకు మిక్కిలి ప్రియమైనది.

న్యాయశాస్త్ర పత్రికను విద్యార్థులే నడుపు సంప్రదాయము 1887లో హార్వర్డులో బలపడినది. ఇతర శాస్త్రములలో పండితుని రచనను పండితుడే తూచుచుండగా, ఇచ్చట ఇరువదియేండ్ల చిన్నవాడు ఆచార్యుని అధోజ్ఞాపికలనెల్ల మూలముతో సరిచూచి, “మీరు చెప్పిన మాట ఈ తీర్పులో లేదు” అని తిప్పి పంపును. ఇది గురుధిక్కారమని నొచ్చుకొను పెద్దలు కలరు. నా మట్టుకు ఇంతకు మించిన గురుశుశ్రూష లేదు. 1998లో నెలకొన్న హైదరాబాదు నల్సార్ విద్యార్థులును ఇట్టి పత్రికను నడుపుచున్నారు.

అంతర్జాతీయ న్యాయమనగానే హేగు, జెనీవాలను తలంచుట మనకలవాటు. కాని 1948 ఆగస్టులో హైదరాబాదు నిజాము ప్రభుత్వము భారతదేశముపై ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి మొరపెట్టుకొన్ననాడు ఈ జిల్లాయు ఆ వివాదభూమిలోనిదే. ఆ వ్యవహారమును శాస్త్రరీత్యా విమర్శించిన ప్రసిద్ధ వ్యాసము 1950లో అమెరికా పత్రికలో వెలువడినది. వ్రాసినవాడు క్లైడ్ ఈగిల్టన్ అను అమెరికా పండితుడు. మన కథను మనము వ్రాయకున్న ఇతరులు వ్రాయుదురు, వ్రాయనిండు. కాని దానిని సరిచూచువారైనను మనలో నుండవలదా?

చెఱకు సంగతి చూడుడు. బోధను శక్కర్‌నగరులో 1937లో పుట్టి, 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015లో మూతపడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ గతి ఇచ్చటి రైతులకు, కార్మికులకు నేను చెప్పనక్కరలేదు. కాని చెఱకునకు మన ప్రభుత్వము శాసించు కనీసధరపై బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా దేశములు 2019లో ప్రపంచ వాణిజ్యసంస్థ యెదుట వ్యాజ్యమాడినవని ఎందఱెఱుగుదురు? ధర చెల్లించునది మిల్లే గాని సర్కారు కాదు, కావున అది సర్కారీ మద్దతు క్రిందికి రాదని మన వాదము. సొమ్మెవరిదైనను ధరను కట్టడి చేసినది ప్రభుత్వమే గనుక మద్దతేయని 2021 డిసెంబరులో విచారణమండలి నిర్ణయము. అదే నెలలో భారతదేశము అప్పీలు చేయగా, దానిని వినవలసిన పీఠమున సభ్యులే లేరు! ఈ మీమాంసపై తొలి సంచికలోనే ఒక దీర్ఘవ్యాసము రావలెనని నా పట్టు.

ఇక ఈ జిల్లావారు పనికై పోవు గల్ఫు దేశముల సంగతి. ఖతరు 2020లో యజమాని నిరభ్యంతరపత్రము (ఎన్‌వోసీ) లేకయే పని మారు వీలు కల్పించినది. పొరుగు రాజ్యములలో కఫీలు, అనగా పూచీదారు యజమాని, పట్టు ఎంత సడలినదో, ఎచ్చట సడలలేదో, ఆయా చట్టములను పక్కపక్కన పెట్టి చూపుటయే తులనాత్మక న్యాయమునకు ఈ జిల్లాలో మొదటి పని.

తుదకు పత్రిక నడుపువారికొక మాట: రచయితలకడ రుసుము పుచ్చుకొనకుడు. పుచ్చుకొను పత్రికలు దేశమున చాలనున్నవి. ప్రతి వ్యాసమునకు తెలుగున సారాంశము చేర్చి, బోధను, ఆర్మూరు, కామారెడ్డి న్యాయవాదులకు తప్పక పంపుడు.